వెండి చెంచా: సేద్యపు బొమ్మల కథను రైతు చూచు తీరు

ఈ పత్రికలో మేము సాధారణముగా విత్తనము, ఎరువు, చీడ, పశురోగములు మున్నగు వానిని గూర్చి వ్రాయుచుందుము. ఈ నెల ఒక బొమ్మల కథను గూర్చి వ్రాయుచున్నామని చూచి సభ్యులలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనినను తుదివఱకు చదువుడని మనవి. ఇందు పాడియు, అప్పును, పూచీయు, కొడుకుల చదువును అన్నియు గలవు.

జపానుదేశమువారు బొమ్మలు వ్రాసి, వానిని కదలునట్లు చేసి తీయు చిత్రములకు అనిమే యని పేరు. వానిలో యుద్ధములును, భూతములును, మాయలును మెండు. అయినను సేద్యమునే వస్తువుగా గొన్నవియు కొన్ని కలవు. అందు మేము మేలైనదిగా నెంచునది ‘గిన్ నో సాజి’, అనగా వెండి చెంచా. 2013వ సంవత్సరము జులై నెలలో దీని మొదటి భాగమును, 2014 జనవరిలో రెండవ భాగమును ఆ దేశపు టెలివిజనులో వచ్చినవి. ఒక్కొక్క భాగమునకు 11 ప్రకరణములు. దీనికి మూలమైన బొమ్మల పుస్తకము 2011 మొదలు 2019 వఱకు ఒక వారపత్రికలో వెలువడి 15 సంపుటము లాయెను.

ఈ కథను రచించినది అరకావా హిరోము అను నామె. హొక్కాయిదో దీవిలోని ఒక పాడిరైతు బిడ్డ. వ్యవసాయోన్నత పాఠశాలలో చదువు ముగించి, ఏడేండ్లు ఇంటి పొలమునందే పనిచేసి, ఆ పిమ్మట టోక్యో నగరమున కేగి చిత్రకారిణి యయ్యెను. తన రూపమును తాను వ్రాసికొనవలసి వచ్చినపుడు కండ్లజోడు పెట్టుకొనిన ఆవుగా వ్రాసికొనుట ఆమెకు వాడుక. పేడ యెత్తిన చేయియే కుంచె పట్టినదని ఈ చిత్రము చూచిన మొదటి పూటనే మాకు తెలిసిపోయినది.

హొక్కాయిదో జపానునకు ఉత్తరపు కొసనున్న పెద్దదీవి. శీతకాలము మిక్కిలి కఠినము. మంచు నెలల తరబడి నేలను విడువదు. అయినను ఆ దేశమున ఉత్పత్తియగు పచ్చిపాలలో సగమునకు పైగా అచ్చటినుండియే వచ్చుచున్నవి. 1876లో సప్పోరో పట్టణమున వ్యవసాయ కళాశాల స్థాపించినపుడు అమెరికానుండి క్లార్కు దొరను రప్పించిరి. ఆయన సేద్యశాస్త్రముతో పాటు బైబిలును కూడ బోధించెను. మిషను బడిలో చదివిన మాబోటివారికి ఆ ముచ్చట రుచించుట సహజమే గాని, మన కథ సప్పోరోలో జరుగదు. తొకాచి మైదానమున జరుగును. అచ్చట గోధుమ, బంగాళాదుంప, చిక్కుళ్లు, చక్కెరదుంప పండును. ఆ మైదానమునకు ముఖ్యపట్టణము ఒబిహిరో. అరకావా చదివిన పాఠశాల అచ్చటిదే. కథలోని ‘ఓఎజో’ పాఠశాలకు అదియే మాదిరి.

కథానాయకుడు హచికెన్ అను సప్పోరో పట్టణపు బాలుడు. పరీక్షలలో ముందుండవలెనను ఒత్తిడికి నలిగి, తండ్రి ముఖము కనబడని చోట నుండిన చాలునని, వసతిగృహము గల యీ వ్యవసాయ పాఠశాలలో చేరును. తోడి పిల్లలందఱును రైతుబిడ్డలు. ఒకడు కోళ్లవాని కొడుకు. ఒకతె పెద్ద పాడిక్షేత్రపు యజమాని కూతురు. ఒకనికి పశువైద్యుడు కావలెనని కోరిక, కాని నెత్తురు చూచిన గుండె జారును. వారికందఱికిని ముందేమి చేయవలెనో తెలియును. హచికెనునకు మాత్రము తెలియదు. భోజనశాల గుమ్మము పైని ఒక వెండి చెంచా వ్రేలాడుచుండును. బిడ్డకు ఎన్నడును తిండికి కొఱత లేకుండుగాక యను దీవెన దాని భావము.

గడచిన వేసవిలో ఈ చిత్రమును మేము సంఘపు గిడ్డంగి గోడమీద కొన్ని రాత్రులు వరుసగా ప్రదర్శించితిమి. మాటలు జపానుభాషలో నుండినవి. క్రింద వచ్చు ఇంగ్లీషు వ్రాతను చూచి మేమే తెలుగున చెప్పుచుంటిమి. సభ్యులును, వారి యింటి ఆడువారును వచ్చిరి. సెలవులకు వచ్చిన పట్టణపు మనుమలును కొందఱు వచ్చిరి. ఒకే గోడను చూచుచు ఈ రెండు తెగలవారు రెండు వేఱువేఱు కథలు చూచినట్లు మాకు తోచినది. ఈ వ్యాసమునకు కారణ మదియే.

మొదటి ప్రకరణములో హచికెను కోడి గ్రుడ్డుపెట్టుట కండ్లార చూచి, అది వచ్చిన ద్వారమును గుర్తించి నిర్ఘాంతపోవును. ఇక గ్రుడ్డు ముట్టనని యొట్టు పెట్టుకొనును. అంతలో ఉపాధ్యాయిని ఒక కోడి మెడను తెగవేయును. పట్టణపు పిల్లలు కెవ్వుమని, ఆ పిమ్మట విరగబడి నవ్విరి. రైతులలో ఒక్కరును నవ్వలేదు. వెనుక కూర్చున్న ముసలమ్మ యొకతె మాత్రము, “మఱి గ్రుడ్డు ఎక్కణ్నుంచి వస్తుందనుకున్నాడమ్మా వీడు?” అని నిజముగానే అడిగినది. ఆ మాటకు గిడ్డంగి యంతయు నవ్వినది. కొంతసేపటికి హచికెను మనసు మార్చుకొని, వేడియన్నముపై పచ్చిగ్రుడ్డు పగులగొట్టుకొని తిని, ఇంత రుచిగల తిండి తా నెన్నడు నెఱుగ ననును. అది ఆ దేశపు వాడుక. మనవారికి పచ్చిగ్రుడ్డు గిట్టలేదు గాని, అప్పుడే పెట్టిన గ్రుడ్డు రుచి మాత్రము అందఱికిని తెలిసినదే గనుక తల లూచిరి.

తెలిసినదానిని చూచి ఆనందించుట యొకటి, తెలియనిదానిని చూచి ఆశ్చర్యపడుట మఱియొకటి. పట్టణపువాడు ఈ చిత్రమున ఆశ్చర్యమును కొనుక్కొనును. రైతు తన యింటివానిని పొరుగూరి సంతలో చూచినట్లు చూచును. ఏది గొప్ప యని మమ్మడిగిన చెప్పలేము. కాని యొక ఘట్టమున మాత్రము రైతు పొందినది మిక్కిలి లోతైనదని మా నమ్మకము.

హచికెను సెలవులలో మికగే అను తోడి విద్యార్థిని యింట పాడిపనికి కుదురును. వారి కొట్టములో యంత్రములతో పాలు పితుకుదురు. పాలు గొట్టముల వెంబడి పోయి ఉక్కుతొట్టిలో పడి చల్లబడును. ఆ తొట్టి సుమారు 4 డిగ్రీల చలువలో నుండవలెను. పాలబండి వచ్చి తీసికొనిపోవును. గొట్టములను కడిగిన పిమ్మట కొసను మరల తొట్టికి తగిలింపవలెను. ఆ బాలుడు అది సరిగా తగిలింపక మఱచును. పితికిన పాలన్నియు నేలపాలగును. పట్టణపు పిల్లలకు అదియొక చిన్న పొరపాటు. పాలు పోయినవి, మఱునాడు మరల పితుకుదురు. గిడ్డంగిలోని పెద్దలు మాత్రము ఊపిరి బిగబట్టిరి. ఆ తెల్లని మడుగులో వారు దాణా ధరను, పచ్చిగడ్డి మోపును, తెల్లవారక మునుపు లేచిన యాడుదాని నిద్రను చూచిరి. మన పాలకేంద్రమున నొక క్యాను విఱిగిన నాడు వాకిట నిలుచున్న వారి ముఖము లెట్లుండునో మేము చాలసార్లు చూచితిమి. ఆ రాత్రియు అట్టి ముఖములనే చూచితిమి. ఆ పిమ్మట మికగే వారు బాలుని తిట్టక, కూలి తగ్గింపక చేతిలో పెట్టినపుడు ఒక పెద్దమనిషి కండువాతో కన్నులు తుడుచుకొనెను. అది క్షమ యని పట్టణపువానికిని తెలియును. ఆ క్షమ యెంత ఖరీదైనదో రైతునకే తెలియును.

ఇక పంది సంగతి. పాఠశాలలో ఈనిన పందిపిల్లలలో అన్నిటికంటె బక్కదానిపై హచికెనునకు మనసగును. పేరు పెట్టవద్దని తోడివారు హెచ్చరింతురు. అతడు వినక ‘బుతదోన్’ అని పేరు పెట్టును. బుతదోన్ అనగా పందిమాంసము పఱచిన యన్నపు గిన్నె; ఒబిహిరో పట్టణమున కది పేరుపడిన వంటకము. నవ్వు పుట్టించు పేరే గాని, దాని విధి యేమో ఆ పేరులోనే యున్నది. నెలలు గడచును, పంది బలియును, వధశాలకు పంపు దినము వచ్చును. హచికెను దానిని విడిపించి పాఱిపోడు. పాడిపనిలో తాను సంపాదించిన కూలితో ఆ మాంసమంతయు తానే కొని, కోసి, ఉప్పు పట్టించి, పొగలో కాచి, స్నేహితులకు పెట్టి, తానును తినును. కన్నీళ్లును వచ్చును, రుచియును తెలియును.

ఈ ఘట్టమును గూర్చి గిడ్డంగిలో చాలసేపు తర్కము జరిగినది. పట్టణపు పిల్ల యొకతె, అంత ప్రేమించినవాడు దానిని రక్షింపవలసినది గదా యని వాదించెను. సభ్యులలో మాంసము ముట్టనివారును కలరు. వారి మాట వేఱు. కాని పశువులను పెంచినవారు ఆ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పలేదు. ఎద్దులకు పేర్లు పెట్టని యిల్లు మన యూళ్లలో లేదు. పదియేండ్లు కాడి మోసిన యెద్దును సంతకు తోలుకొనిపోయి, పలుపు విప్పి పరునిచేత పెట్టి, వెనుదిరిగి చూడక వచ్చినవారు ఆ రాత్రి అచ్చట నలుగు రైదుగురైన నుండిరి. వారిలో నొకరు చివరకు, “వాడు పేరు పెట్టి తప్పు చేశాడనరాదు. పేరు పెట్టకపోతే మాత్రం ఏడుపు రాదా?” అనిరి. అరకావా తన కథలో ఎవరిని మంచివారనియు, ఎవరిని చెడ్డవారనియు తీర్పు చెప్పలేదు. పెంచినవాని చేతికిని తినువాని నోటికిని నడుమ పట్టణము కట్టిన గోడను తొలగించి చూపినది. రైతు యింట ఆ గోడ మొదటినుండియు లేదు.

అనుభవముగలవాడు అన్నియు సరిగా గ్రహించునని కూడ మేము చెప్పజాలము. అనుభవము కొన్నిచోట్ల గంతలవలె అడ్డుపడును. మాగాణి చేయువారు ఆ విశాలమైన మేతబీళ్లను చూచి, “ఇంత భూమి గలవానికి అప్పేమిటి?” అని యడిగిరి. మన లెక్క ప్రకారము భూమి యున్నవాడు ధనికుడు. అచ్చట ఆ భూమిని దున్నుటకు ట్రాక్టరులు, శీతకాలమునకు కొట్టములు, మేత నిలువచేయు గాదెలు, పితుకు యంత్రములు, చల్లని తొట్లు అన్నియు అప్పుతో కొనినవే. ఆవులు మేయని దినము లేనట్లే వడ్డీ మేయని దినమును లేదు. పైగా పాలు ఎక్కువైనను కష్టమే. 2006లో ఆ దేశమున పాల వాడుక తగ్గగా హొక్కాయిదోలో మంచి పాలను పాఱబోయవలసి వచ్చినది. ఈ సంగతి మేము చెప్పినపుడు వరిరైతు లెవ్వరును నమ్మలేదు. టమాటా పండించినవారు మాత్రము వెంటనే నమ్మిరి.

మఱియొక ముచ్చట. ఈనిన ఆవు మొదటి పాలను అచ్చట 5 దినముల వఱకు అమ్మకమునకు పంపరాదని నిబంధన కలదు. ఆ పాలతో హొక్కాయిదో పాడియిండ్లలో ‘గ్యూన్యూ దోఫు’ అను వంటకమును చేసికొందురు. వారు వెనిగరు కలిపి విఱుగగొట్టుదురు, మనము బెల్లము వేసి ఆవిరిపై ఉడికింతుము. జున్ను అని చెప్పగనే మన యాడువారికి జపాను చుట్టరిక మైపోయినది.

వరిని గూర్చిన బొమ్మలకథ లేదా యని కొందఱడిగిరి. ఉన్నది. ‘సకునా’ అను దేవకన్య యొకతె సోమరియై, భూతముల దీవికి పంపబడి, అచ్చట ఆకలిగొన్న మనుష్యులతో గూడి వరి పండించు కథ. 2020లో అది ఆటగా వచ్చి, 2024లో అనిమేగా వచ్చినది. ఆ యాటలో విత్తనము నెంచుట మొదలు దంపుట వఱకు అన్నియు ఆడువాడే చేయవలెను. నీరెంత లోతుండవలెనో తెలియక జపాను పట్టణవాసులు తమ ప్రభుత్వపు వ్యవసాయశాఖవారి వ్రాతలను వెదకి చదివిరట! ప్రదర్శకులమగు మాకు ఇంతకంటె సంతోషకరమైన వార్త మఱియొకటి లేదు. మా కరపత్రములను అంత శ్రద్ధగా చదివినవారిని మేము చూడలేదు. అందు ఉప్పునీట విత్తనము తేర్చుట కూడ కలదు. ఈ పద్ధతిని జపానులో 1882లో యొకోయి అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. 10 లీటర్ల నీటిలో సుమారు 2 కిలోల ఉప్పు కరగించి గింజలు పోసి, తేలిన తాలును తీసివేసి, మునిగినవానిని మంచినీట రెండుసార్లు కడిగి నానబెట్టవలెను. కడుగుట మఱచిన మొలక చెడును. ఈ మాట మేము ఏటేట చెప్పుచున్నదే. ఈ తడవ ఆటలోనిది గనుక పిల్లలు కూడ విన్నారు.

ఇక మిక్కిలి ముఖ్యమైనది మిగిలియున్నది. రెండవ భాగమున కొమబా యను బాలుడు కలడు. తండ్రి లేడు, తల్లియు, ఇద్దఱు కవల చెల్లెండ్రును, కొన్ని ఆవులును, పెద్ద అప్పును. బేస్‌బాల్ ఆటలో పేరు పొంది, ఆ యార్జనతో అప్పు తీర్చి పొలము నిలుపుకొనవలెనని వాని యాశ. పోటీలో జట్టు ఓడును. అంతలో పొలము దివాలా తీయును. ఆవులను తోలుకొనిపోవుదురు; కొట్టము వట్టిది యగును; వాడు చదువు మానును. కథ అంతటితో నిలువదు. కొమబా వారి ఋణమునకు మికగే వారు పూచీపడియుండిరి. అందుచేత వారును తమ గుఱ్ఱములను అమ్ముకొనవలసి వచ్చును. గుఱ్ఱములే ప్రాణముగా పెరిగిన ఆ యింటి కూతురు అప్పుడు నోరు విప్పి, తాను పొలమునకు వారసురాలు కాజాలననియు, చదువుకొని గుఱ్ఱముల వృత్తిలోనే పోవుదుననియు పెద్దలకు చెప్పును. ఇంతవఱకు ఆ మాట చెప్పుటకు ఆ పిల్లకు ధైర్యము చాలలేదు.

పట్టణపు పిల్లలకు ఈ ఘట్టమున ఆట ఓడుటయే పెద్ద దుఃఖము. ఆవులు పోయినపుడు కొంత విచారించిరి. పూచీ మాట వారికి తలకెక్కలేదు. ఒకని అప్పునకు ఇంకొకని గుఱ్ఱములు పోవుటేమని అడిగిరి. మేము వివరింపబోగా వారి తాత యొకరు అడ్డుపడి, “మీరు ఆగండయ్యా, నేను చెబుతాను” అని తానే చెప్పిరి. ఆయన చెప్పినదానిలో చట్టము లేదు. తన పెత్తండ్రి కథ యున్నది.

చట్టపు మాట మేము చెప్పెదము. జపానులో ఇట్టి పూచీదారుని, ఋణగ్రస్తునికంటె ముందుగా కూడ ఋణదాత పట్టుకొని, మొత్తము సొమ్ము నడుగవచ్చును. దీనివలన నష్టపడిన కుటుంబములు మెండగుటచే, 2020 ఏప్రిలు నుండి వ్యాపారపు అప్పునకు సంస్థతో సంబంధములేని వ్యక్తి పూచీపడునపుడు, ముందుగా నోటరీ యెదుట తన సమ్మతిని వ్రాయించి యుండవలెనని నియమించిరి. మన దేశమున 1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, పత్రమున వేఱుగా వ్రాసికొననిచో, పూచీదారుని బాధ్యత అసలు ఋణగ్రస్తుని బాధ్యతతో సమానము. ‘సాక్షి సంతకము వంటిదే’ యని చెప్పి చేయించుకొను సంతకము సాక్షి సంతకము కాదు. 130వ సెక్షను ప్రకారము, ఎప్పటికప్పుడు సాగుచుండు పూచీని ఋణదాతకు నోటీసిచ్చి మునుముందటి లావాదేవీలకు రద్దుచేసికొనవచ్చును. అంతకు ముందటి బాకీకి మాత్రము విడుదల లేదు. సొమ్ము చెల్లించిన పూచీదారునకు 140, 145 సెక్షనుల క్రింద ఋణదాత హక్కులును, ఋణగ్రస్తునినుండి రాబట్టుకొను హక్కును కలవు. హక్కు కలదు గాని, చేతిలో నేమియు లేనివానినుండి రాబట్టు టెట్లో చట్టము చెప్పదు. పూర్వము 1904 నాటి చట్టము క్రింద పుట్టిన గ్రామ పరపతి సంఘములలో సభ్యులందఱును ఒకరికొకరు అపరిమితముగా బాధ్యులు. అప్పటి పెద్దలు ఎవనికి అప్పిచ్చుటకైనను పదిమాఱు లాలోచించుటకు అది యొక కారణము.

మా తండ్రిగారు ఒక బంధువునకు పూచీపడి ఎకరమున్నర మాగాణి పోగొట్టుకొనిరి. అప్పుడు మేము మిషను పాఠశాల వసతిగృహమున నుంటిమి. ఆ సంగతి మాకు చెప్పకుండ, పంటలు బాగుండలేదని మాత్రము జాబు వ్రాసిరి. వట్టిదైన కొట్టమును కొమబా చూచు ఘట్టమున, తెలుగున చెప్పుచున్న మా నోట మాట కొంతసేపు రాలేదు. గిడ్డంగిలో ఎవరును అడుగలేదు. తర్జుమా అక్కఱలేక పోయినది.

మఱునాటి ఉదయము సంఘము తలుపు తీయక మునుపే సభ్యు డొకరు వచ్చి అరుగుపై కూర్చుండిరి. ఆరేండ్ల క్రిందట తోడల్లుని ట్రాక్టరు అప్పు పత్రముపై తాము పెట్టిన సంతకము ఏ వరుసలో నున్నదో చూడవలెనని అడిగిరి. గుమాస్తా ఫైలు తీసి చూపెను. సాక్షుల వరుసలో లేదు. ఆయన కండ్లజోడు సవరించుకొని రెండుమాఱులు చదివి, బాకీ యెంత యున్నదో కాగితముపై వ్రాయించుకొని, జేబులో పెట్టుకొని, తోడల్లుని యూరి బస్సెక్కిరి.